పూజ చేసిన పెట్టెలు

నాకు కోపం తొందరగా వస్తుంది. మా ఇంట్లో ఎవరిని అడిగినా ఈ మాట చెప్తారు, అడగకపోయినా చెప్తారు. అందుకేనేమో, కోపం రావలసిన చోట కూడా రాని మనుషులను చూస్తే నాకు మొదట అనుమానం కలుగుతుంది, తర్వాత ఆశ్చర్యం, ఎప్పటికో గౌరవం. మా అక్క విషయంలో ఈ మూడూ అదే వరసలో జరిగాయి.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. చౌటుప్పల్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్ రూమ్ మా ఇద్దరిదీ. ఆమె నాకు పైన. రోజూ నకిరేకల్ నుంచి బస్సులో వచ్చేది. హైవే మీద ఎంత ట్రాఫిక్ ఆగినా, సీటు దొరక్కపోయినా, మా రూమ్‌లోకి అడుగుపెట్టేసరికి అప్పుడే తలంటుకుని వచ్చిన మనిషిలా ఉండేది. నేను మాత్రం చౌటుప్పల్‌లోనే ఉండి, రెండు వీధుల అవతలి నుంచి వచ్చి కూడా విసుక్కుంటూ కూర్చునేదాన్ని.

మాకంటే ముందు ఆ రూమ్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు. ఫ్యాక్టరీలో అందరూ ఆయనను కంప్యూటర్ సార్ అనేవాళ్ళు. తెలంగాణ వచ్చిన కొత్తలో ఆ ఫ్యాక్టరీ కట్టినప్పుడు గోడల్లో మొదటి వైరు లాగింది ఆయనేనట. అక్కకు పని నేర్పింది కూడా ఆయనే. నేను చేరిన నెలలోనే ఆయన పని చాలించి, కృష్ణ ఒడ్డున ఆత్మకూర్ దగ్గర ఉన్న సొంతూరికి వెళ్ళిపోయి వరి వేసుకుంటున్నాడు. ప్రతి దసరాకు ఫోన్ చేసి అక్కతో మాట్లాడేవాడు. నాకు ఆయనతో పరిచయం అంతంతమాత్రం. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది కాబట్టి ఇక్కడే చెప్తున్నాను.

ఒక వేసవిలో హైదరాబాద్‌లోని హెడ్డాఫీసు నుంచి మాకొక పని వచ్చింది. కంప్యూటర్లన్నిటిలో కొత్త విండోస్ వేయాలట. అది పాత ప్రాసెసర్ల మీద, అంటే కంప్యూటర్ పెట్టె లోపల బుర్రలా పనిచేసే పాత చిప్పుల మీద, ఎక్కదు. కాబట్టి ఫ్యాక్టరీలో ఏ కంప్యూటర్‌లో ఏ ప్రాసెసర్ ఉందో, మోడల్‌తో సహా రాసి పంపాలి. ముందు అకౌంట్స్ సెక్షన్‌ది కావాలి, మిగతావి మెల్లగా పంపవచ్చు.

ఇందులో ఏముంది, పెట్టె ముందర స్టిక్కర్ ఉంటుంది కదా, చూసి రాసుకొస్తానని లేచాను. మా దగ్గర పెట్టెలన్నీ ఒకే కంపెనీవి, ఒకే నలుపు. వెళ్ళి చూస్తే ఏ పెట్టెకు చూసినా స్టిక్కర్ ఉన్నచోటే దిట్టంగా పసుపు, దాని మీద కుంకుమ. ఏటేటా దసరా పూజకు పెట్టిన బొట్లు. మిషన్‌కు మొహం ఎక్కడుంటుందని వెతికి, మెరిసే స్టిక్కర్ కనిపించగానే అదే నుదురని తీర్మానించుకున్నట్టున్నారు మావాళ్ళు. గోటితో గీకి చూస్తే అన్నింటి మీదా ఐ ఫైవ్ అనే ఉంది. అన్నీ ఒకటే అని సంతోషంగా వచ్చి చెప్పాను.

అక్క నవ్వలేదు. నవ్వితే నాకు ఒళ్ళు మండుతుందని ఆమెకు తెలుసు. ఐ ఫైవ్ అనేది ఇంటిపేరు లాంటిదని చెప్పింది. ఊళ్ళో సగం మందికి అదే ఇంటిపేరు ఉంటుంది, తాతకూ అదే, మనవడికీ అదే. ఎవరు తాతో ఎవరు మనవడో తెలియాలంటే దాని వెనక ఉండే నాలుగంకెలు చూడాలి. ఆ అంకెలలో మొదటిది నాలుగైతే నాలుగో తరం, ఎనిమిదైతే ఎనిమిదో తరం. కొత్త విండోస్ ఎక్కేది ఎనిమిది నుంచే. ఆ అంకెలు ఈ స్టిక్కర్ మీద రాయరు. అందుకోసం పెట్టె విప్పాల్సిన పని కూడా లేదు, దాన్నే అడగొచ్చు.

అడగడమంటే ఏమిటో ఆ రోజు చూశాను. మా రూమ్‌లో కూర్చుని, నల్లటి తెర మీద ఒక వరస కొట్టింది. నెట్‌వర్క్‌లో ఉన్న ఒక్కొక్క కంప్యూటర్‌ను దాని పేరుతో పిలిచి, నీ ప్రాసెసర్ ఏదని అడిగే వరస అది. తెర మీద జవాబులు ఒకదాని కింద ఒకటి వచ్చి కూర్చున్నాయి. అవతల పనిచేసుకుంటున్న వాళ్ళ వేళ్ళు ఆగలేదు, వాళ్ళకు తెలియను కూడా తెలియదు. జవాబు రానిచోట అక్క ఫోన్ చేసేది. ఒకచోట కంప్యూటర్ ప్లగ్గు పీకి సెల్‌ఫోన్ ఛార్జింగ్ పెట్టుకున్నారు. ఇంకోచోట మనిషి సెలవులో ఉన్నాడు. అక్క ఎవరినీ ఒక్క మాట అనకుండా, జర ఆన్ చేసి పెట్టండని చెప్పి మళ్ళీ అడిగేది. ఇలాంటి పని ఇంత అందంగా ఉంటుందని నేను అనుకోలేదు.

అకౌంట్స్‌లో ఎనిమిది కంప్యూటర్లు. ఎనిమిదింటికీ నాలుగో తరం అనే జవాబు వచ్చింది. వచ్చింది వచ్చినట్టు పంపేశాం.

రెండు రోజులకు హెడ్డాఫీసు నుంచి ఆడిట్ సార్ దిగాడు. వయసులో చిన్నవాడే, మాటలో తొణకడు. మేనేజర్ గదిలోకి మా ఇద్దరినీ పిలిచాడు. అకౌంట్స్ కోసం కొన్న ఆ ఎనిమిది కంప్యూటర్లూ ఎనిమిదో తరానివని, బిల్లులు ఉన్నాయని, ఇప్పుడు మీరేమో నాలుగో తరం అని పంపారని చెప్పాడు. అంటే మధ్యలో ఎవరో కొత్త ప్రాసెసర్లు తీసుకుని పాతవి పెట్టారన్నమాట. పెట్టెలు విప్పే పని ఈ ఫ్యాక్టరీలో ఇన్నేళ్ళూ ఎవరిదని అడిగాడు. మేనేజర్ తల వంచుకుని, కంప్యూటర్ సార్ పేరు చెప్పాడు.

శనివారం లోపల లెక్క తేలకపోతే పోలీస్ కంప్లైంట్ ఇవ్వక తప్పదన్నాడు ఆడిట్ సార్. అందులో ఆయన తప్పేమీ లేదు, ఆయన ఉద్యోగమే అది. కానీ నా కళ్ళ ముందు ఆత్మకూర్ దగ్గరి ఆ ఊరు కనిపించింది. పోలీసు జీపు వచ్చి ఒక ఇంటి ముందు ఆగితే, ఆ తర్వాత ఏం తేలినా ఎవరికి కావాలి? జీపు వచ్చిందన్న మాటే మిగులుతుంది. పొలం గట్టు మీద ఎదురుపడ్డ ప్రతి మనిషి మొహంలో ఆ పెద్దాయన అదే చూడాలి.

అక్క కుర్చీలోంచి కదలలేదు. గొంతు పెంచలేదు.

"సార్, కొత్త బోర్డుల పాత ప్రాసెసర్ కూసోదు. దాని గూడు వేరే, దీని గూడు వేరే. తీసి పెట్టుడు ఎవరివల్ల కాదు" అంది.

అలాగైతే బోర్డుతో సహా మార్చి ఉంటారన్నాడు ఆయన.

"బోర్డుతోటి మారిందంటే పెట్టెకు పెట్టె మారినట్టే గదా సార్. పెట్టె మారితే ఎక్కడన్న ఉండాలె. నన్ను జర వెతకనీయండి."

శనివారం అన్నాను కదా అన్నాడు ఆయన. ఆ రోజు గురువారం.

రూమ్‌కు రాగానే నేను మండిపడ్డాను. కంప్యూటర్ సార్‌కు ఫోన్ చేసి అడిగితే అయిపోతుంది కదా, ఏం జరిగిందో ఆయనే చెప్తాడు, మనం ఎందుకు తలలు పగలగొట్టుకోవడం అన్నాను. ఫోన్ కూడా చేతిలోకి తీసుకున్నాను. అక్క నా చేతిలోంచి దాన్ని మెల్లగా తీసి బల్ల మీద పెట్టింది.

"ఏమని అడుగుతవు చెల్లె? మీరు ఉన్నప్పుడు ఎనిమిది కంప్యూటర్లు ఏమైనయి అనే గదా. ఎంత మంచిగ అడిగినా, నువ్వు దొంగవా అన్నట్టే వినపడ్తది ఆయనకు. నాకు పని నేర్పిన మనిషి. నా నోటితోని ఆ మాట అడగను. ముందు మనం చూద్దాం."

నాకు అది మొండితనంగా కనిపించింది. ఒక్క ఫోన్‌తో తేలేదాన్ని పట్టుకుని ఒక మనిషి పరువును రెండు రోజుల గడువు మీద పెడుతుందేమిటి అనిపించింది. ఆ మాట అనేశాను కూడా. అక్క అప్పటికే తెర ముందు కూర్చుంది.

మేము ఇంకా అడగని కంప్యూటర్లు అవతలి షెడ్లలో ఉన్నాయి. డిస్పాచ్, స్టోర్స్, క్యాంటీన్, గేటు. అటువైపు నెట్‌వర్క్ లైన్ వేరే, అదీ సరిగా పనిచేయదు, గాలి వీచినా పోతుంది. అకౌంట్స్‌కు కొత్తవి కొన్న కాలంలో పాత పెట్టెలన్నీ అటే పంపేశారు కాబట్టి, అక్కడ నాలుగో తరం తప్ప ఏమీ ఉండకూడదు. అక్క ముందుగా డిస్పాచ్‌ను అడిగింది. జవాబు రాలేదు. ఫోన్ చేసింది, వాళ్ళు ఆన్ చేశారు. మళ్ళీ అడిగింది.

ఎనిమిదో తరం.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అక్క కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, తర్వాతి దాన్ని అడిగింది. మధ్యలో లైన్ పోయింది, నేను ఎండలో షెడ్డు దాకా పోయి వైరు నొక్కి వచ్చాను. సాయంత్రానికి డిస్పాచ్‌లో, స్టోర్స్‌లో, క్యాంటీన్‌లో కలిపి ఏడు తేలాయి. క్యాంటీన్‌లో కూపన్లు కొట్టే ఆయనను అడిగితే ఇంకో విషయం బయటపడింది. ఒక దసరా తర్వాత తన కంప్యూటర్ ఉన్నట్టుండి గుర్రంలా పరుగెత్తడం మొదలుపెట్టిందని, అది అమ్మవారి చలవేనని, అప్పటినుంచి ప్రతి మంగళవారం దానికి కొత్త బొట్టు పెడుతున్నానని చెప్పాడు.

దసరా అన్న మాట విని అక్క ఆగిపోయింది. మరునాడు పొద్దున్నే అకౌంట్స్‌లో పెద్ద మేడమ్ దగ్గరకు తీసుకెళ్ళింది నన్ను. ఆ సెక్షన్ అంతటికీ పెద్ద దిక్కు ఆమె. నియమాలు, ఉపవాసాలు గట్టిగా పాటించే మనిషి. కొన్నేళ్ళ కిందట, తను ఇంకా చేరకముందు, దసరాకు పూజ ఎలా చేశారో గుర్తుందా అని అక్క అడిగింది. మేడమ్ పెన్నుకు మూత పెట్టి, మొత్తం చెప్పింది.

ఆ ఏడాది ఎక్కడికక్కడ పూజ చేయడం కాకుండా, అన్నీ ఒకచోట చేర్చి చేద్దామనుకున్నారట. ప్యాకింగ్ సెక్షన్ మనుషులు ఆఫీసు పెట్టెలు, షెడ్ల పెట్టెలు అన్నీ మోసుకొచ్చి మీటింగ్ హాల్లో వరసగా పెట్టారు. తడిబట్టతో తుడిచారు, ఆ తుడవడంలో వెనక అతికించిన నంబర్ కాగితాలు ఊడిపోయాయి. బొట్లు పెట్టి, పసుపు దారాలు కట్టి, కొబ్బరికాయ కొట్టి, గుమ్మడికాయ పగలగొట్టారు. తర్వాత మోసుకెళ్ళి పెట్టేటప్పుడు ఎవరి చేతికి ఏది వస్తే అది, ఏ బల్ల ఖాళీగా ఉంటే అక్కడ. అన్నీ నల్ల పెట్టెలే, అన్నింటికీ ఒకే బొట్టు. కాసేపటికి అకౌంట్స్ వాళ్ళు కంప్యూటర్ తెరిస్తే క్యాంటీన్ కూపన్లు వచ్చాయి, డిస్పాచ్‌లో తెరిస్తే జీతాల పట్టీ వచ్చింది. అంతా గోల. పండుగ లోపల బోనస్ పంపాలి, పని ఆగడానికి వీల్లేదు.

కంప్యూటర్ సార్ పెట్టెలు మార్చి పెడదామని వచ్చాడట. మేడమ్ అడ్డుపడింది. పూజ చేసి కూర్చోబెట్టిన దాన్ని దసరా వెళ్ళకముందే కదిలించకూడదని గట్టిగా పట్టుబట్టింది. ఆయన వాదించలేదు. సరే తల్లీ అని, స్క్రూడ్రైవర్ తెచ్చుకుని, ఒక్కొక్క పెట్టె మూత తీసి లోపలి డిస్కులు మాత్రం ఇటువి అటు, అటువి ఇటు మార్చి పెట్టాడు. ఎవరి ఫైళ్ళు వాళ్ళకు వచ్చేశాయి, ఎవరి పెట్టె మాత్రం వాళ్ళకు రాలేదు. కంప్యూటర్ పేరు డిస్కుతో పాటు పోతుంది, ప్రాసెసర్ పెట్టెలోనే ఉండిపోతుంది. మేము నెట్‌వర్క్‌లో అకౌంట్స్ అని పేరు పెట్టి పిలిస్తే, పలికింది షెడ్డు నుంచి వచ్చిన పాత పెట్టె.

పండుగ కాగానే ఎక్కడివక్కడ పెట్టాలని ఆయన అనుకునే ఉంటాడు. అన్నీ నడుస్తున్నాయి కాబట్టి ఎవరూ అడగలేదు, ఆ మాట అక్కడే ఆగిపోయింది. అప్పటినుంచి తన కంప్యూటర్ నిదానించిందని మేడమ్‌కు తెలుసు, పాతబడుతోంది కదా అని సరిపెట్టుకుంది. ఇదంతా చెప్పి, "నేనే కదలనీయలేదు. ఆ మాట ఆడిట్ సార్‌కు నేనే చెప్తా, పద" అని లేచింది. అరవై దగ్గర పడుతున్న మనిషి, తన పట్టుదల గురించి తనే వెళ్ళి చెప్పుకోవడానికి ఒక్క నిమిషం వెనకాడలేదు. ఆమె మీద నాకున్న భయం ఆ రోజే పోయి, ఇష్టం మొదలైంది.

ఆడిట్ సార్ అంతా విన్నాడు. ఏడింటినీ తన కళ్ళతో చూశాడు. తర్వాత, ఎనిమిదోది ఏది అన్నాడు. ఏడు దొరికాయి కదా అని నేను మళ్ళీ వేడెక్కబోయాను. అక్క నా చేయి నొక్కి, సార్ అడిగింది న్యాయమే అంది. ఒక్కటి దొరక్కపోయినా ఆ ఒక్కటి కంప్యూటర్ సార్ మీదే ఉంటుంది.

మిగిలింది గేటు. ఫోన్ చేస్తే, మా దగ్గరి పెట్టె పిడుగు పడ్డ ఏడాదే కాలిపోయింది, ఇప్పుడున్నది దాని బదులు ఇచ్చిందని చెప్పారు. ఇప్పుడున్నది నాలుగో తరం. కాలిపోయింది ఎక్కడుందో, చచ్చిన పెట్టెను నెట్‌వర్క్‌లో ఏమని పిలుస్తాం? శనివారం మధ్యాహ్నం భోజనం కూడా చేయకుండా అక్క గేటు దాకా నడిచింది. వెనక నేను, నా వెనక ఆడిట్ సార్.

గేటు గదిలో ఒక మూల దేవుడి పటం ఉంది. దాని కింద ఎర్ర గుడ్డ, ముందు ఊదుబత్తి నుసి. గుడ్డ అంచు కింద నల్ల రేకు కనిపిస్తోంది. అక్క వంగి చూసి, వాచ్‌మన్లలో పెద్దవాడి వైపు తిరిగింది. ఆయన ముసలాయన, ఖాకీ చొక్కా మీద తువ్వాలు. పూజ చేసిన పెట్టె కదా, కాలిపోయిందని చెత్తలో ఎలా వేస్తామని, దేవుడికి గద్దెగా పెట్టుకున్నానని చెప్పాడు. ఇది ఒకసారి విప్పాలి కాకా అంది అక్క.

"ఆగు బిడ్డా, దేవున్ని దించనీ" అన్నాడాయన.

చేతులు కడుక్కుని వచ్చి, తువ్వాలు కుర్చీలో పరిచి, పటాన్ని రెండు చేతులా ఎత్తి దాని మీద కూర్చోబెట్టాడు. అక్క చెప్పులు గడప బయట విడిచి నేల మీద కూర్చుంది. నేను తిరిగి చూసేసరికి ఆడిట్ సార్ కూడా బూట్లు విప్పుతున్నాడు. స్క్రూలు తుప్పు పట్టి ఒక పట్టాన రాలేదు. మూత తీసింది, ఫ్యాన్ తీసింది. కింద ప్రాసెసర్ మీద, వేడి లాగడానికి పూసే తెల్లటి పేస్టు ఎండి పట్టేసి ఉంది. చేతిరుమాలు కొస తడిపి మెల్లగా తుడిచింది. నేను ఫోన్ లైటు పట్టుకున్నాను.  మూడు రోజులుగా ఆమెకు భయం లేదని నేను అనుకున్నాను. అప్పుడు మొహం చూస్తే, పెదవులు తడారిపోయి ఉన్నాయి.

అంకెలు బయటికి వచ్చాక ఆమె చదవలేదు. పక్కకు జరిగి ఆడిట్ సార్‌కు చోటిచ్చింది. ఆయన మోకాళ్ళ మీద వంగి తనే చదివాడు. మొదటి అంకె ఎనిమిది.

ఆయన లేచి, ఆ పెద్దాయన నంబర్ ఇవ్వండి, నేను మాట్లాడతాను, క్షమించమని అడగాలి అన్నాడు. మనసులో మాటే అది, మొహంలో కనిపించింది. అక్క చేతులు తుడుచుకుంటూ, "వద్దు సార్. ఆయనకు ఏం తెల్వదు. తెల్వకుండనే ఉండనీయండి" అంది.

ఆ సాయంత్రం బస్సు ఎక్కబోయే ముందు నా దగ్గర ఒప్పుకుంది. శనివారం దాకా దొరక్కపోతే ఆత్మకూర్‌కు తనే పోయి, జీపు కంటే ముందు ఆయన ఇంటి ముందు నిలబడదామని అనుకుందట. నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఎండకు అన్నాను.

ఆ ఏడాది దసరా పూజ మళ్ళీ హాల్లోనే చేశాం. పెద్ద మేడమ్ ముందే వచ్చి, ప్రతి పెట్టె వెనకా తడికి ఊడని రంగుతో సీటు నంబర్ వేయించింది. బొట్టు స్టిక్కర్ పక్కన పెట్టమని నేను చెప్పాను. ఎవరూ వినలేదు, స్టిక్కర్ మీదే పెట్టారు.

పూజ అయ్యాక రూమ్‌లో కూర్చుని కొబ్బరి ముక్కలు తింటుంటే కంప్యూటర్ సార్ ఫోన్ వచ్చింది. అక్క చేతులకు కుంకుమ ఉందని స్పీకర్ పెట్టాను. పండుగ మాటలు, పంట మాటలు అయ్యాయి. కృష్ణకు నీళ్ళు మంచిగా వచ్చాయట. ఇక ఫోన్ పెట్టేస్తారనగా ఆయనకు ఏదో గుర్తొచ్చింది.

"అవునుగని బిడ్డా, ఒక ఏడాది పూజకు పెట్టెలన్ని కలగాపులగమైతే, నేను డిస్కులు మార్చి పెట్టిన. మీకు చెప్పుడే మర్చిపోయిన. నిన్న రాత్రి మతికొచ్చింది. దానితోని మీకేమన్న తిప్పలైందా?"

నేను నోరు తెరిచాను. అక్క నా వైపు చూసింది. మూసుకున్నాను.

"ఏం తిప్పల కాలేదు సార్" అంది అక్క. "మాకు తెల్వనే తెల్వదు. మీరు చెప్తున్నరు గదా, ఇప్పుడు చూస్కుంటం."

అమ్మయ్య అన్నాడాయన. ఆయన నవ్వు స్పీకర్‌లో రూమ్ అంతా వినపడింది.